నారయు బంకయు: పందెపు మోటారు సైకిలు తొడుగు



అమరకోశము, రఘువంశము చెప్పుకొని బ్రదికిన పంతులుకు పందెపు మోటారు సైకిలుతో నేమి పని యని మీలో పెద్దలు కొందఱు నవ్వుకొనవచ్చును. పని కలిగినది గనుకనే యీ ప్రసంగమునకు ఒప్పుకొంటిని. నేను అరకు లోయలోను, పాడేరు ప్రాంతపు కొండలలోను ముప్పది యేండ్లకు పైగా బడిపిల్లలకు చదువు చెప్పినవాడను. ఆనాడు నా యెదుట పలకలు పట్టుకొని కూర్చున్నవారు నేడు సంసారములు గల పెద్దలైరి. వారు చేయు వృత్తులలో సగము నేనెఱుగనివి. అయినను వారి తల్లిదండ్రులకు సందేహము కలిగినప్పుడు గెడ్డ దాటి వచ్చి నా యరుగుమీదనే కూర్చుందురు. పిమ్మట పుస్తకములు తిరుగవేయుటయు, తెలిసిన యింజనీర్ల నడుగుటయు నా వంతు.

అట్లు వచ్చినవారిలో ఒక కాఫీతోట రైతు కలడు. ఆయన కుమారుడు విశాఖపట్టణపు సముద్రతీరమున ఫైబరు తెప్పలు చేయు శాలలో నాలుగేండ్లు పని నేర్చి కొండకు తిరిగివచ్చెను. పందెములకు బండ్లు తోలు కుఱ్ఱవాండ్రు కొందఱు వానిచేత తమ బండ్లకు పై తొడుగులు చేయించుకొనదలచిరి. 2023 సెప్టెంబరులో గ్రేటర్ నోయిడాలోని బుద్ధ పందెపు బాటపై మోటోజీపీ యను ప్రపంచ పందెము మన దేశమున తొలిసారి జరిగినది మొదలు కుఱ్ఱవాండ్రకు ఈ యావ హెచ్చినది. శాలకు పెట్టుబడి కావలెనని కొడుకు తండ్రి నడిగెను. తండ్రి నాతో ఇట్లనెను: "మాస్టారూ, ఇనుమును నమ్మవచ్చును. గుడ్డకు జిగురు పూసి బండికి కవచము చేసెదనని వీడనుచున్నాడు. నా మిరియముల పైకము, కాఫీ పైకము అందులో పోయవలెనా? పోసితిని పో. పరుల బిడ్డడు దానిపై కూర్చుండి పడినప్పుడు ఆ పెంకు పగిలి వాని పొట్టలో దిగెనా, ఆ పాపమెవరిది?"

పెట్టుబడి ప్రశ్నకంటె ఈ రెండవ ప్రశ్నయే నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది. దానికి ఉత్తరము చెప్పవలెనన్న, మొదట గుడ్డయు జిగురును కలిసి బలమెట్లగునో తెలియవలెను.

మన కొండయిండ్ల గోడను చూడుడు. వెదురుబద్దలతో తడిక యల్లి, దానికి ఇరుప్రక్కల మట్టి మెత్తుదురు. ఆ మట్టిలో గడ్డియు పేడయు వేసి త్రొక్కుదురు. ఉత్త మట్టి యెండినచో నెఱ్ఱెలు విచ్చును. ఉత్త తడిక గాలికి ఊగిపోవును. రెండును కలిసినచో మట్టి తడికను కదలనీయదు, తడిక మట్టిని రాలనీయదు. ఇంగ్లీషువారు కాంపోజిట్ అనునది ఇదియే. సంయుక్త ద్రవ్యమని మనము పిలుచుకొందము. ఒకటి నార, రెండవది బంక. లాగుడు బలమును నార యోర్చుకొనును. నారలను వాని వాని స్థానములలో నిలుపుట బంక పని.

సృష్టికర్త వెదురును చేసినదియు ఈ విధముననే. నిలువున కత్తి పెట్టి కొట్టినచో చీలిపోవును. అడ్డముగా విఱువబోయినచో వంగునే కాని తేలికగా విఱుగదు. ఏలన నారలన్నియు నిలువుగా నున్నవి. అందును వెలుపలి పొరలో దట్టము, లోపల పలుచన. నార యే దిక్కునకు పోవునో బలము ఆ దిక్కుననే యుండునన్న యీ యొక్క మాట తెలిసికొన్నచో ఫైబరు పనిలో సగము తెలిసినట్లే. లోహపు రేకునకు అన్ని దిక్కులు సమానము. నారపెంకునకు అట్లు కాదు. కావున గుడ్డను ఒక పొర నిలువుగా, ఒక పొర అడ్డముగా, ఒక పొర మూలగా పఱచుదురు. నులకమంచము అల్లువారికి ఈ మర్మము తెలియును.

ఇచ్చట పండితుని చాపల్యము కొంత క్షమింపుడు. విష్ణుమూర్తి వింటికి శార్ఙ్గమని పేరు. శృంగమనగా కొమ్ము, కొమ్ముతోనైనది శార్ఙ్గము. పూర్వము ఆసియా ఖండపు పలుదేశములలో కొయ్యబద్దకు విలుకాని వైపున కొమ్ముపలకను, అవతలి వైపున పశువుల స్నాయువులను జిగురుతో నంటించి విండ్లు చేసెడివారు. విల్లు వంగినప్పుడు ఒక వైపు నొక్కబడును, రెండవ వైపు సాగదీయబడును. నొక్కుడునకు కొమ్ము, సాగుడునకు స్నాయువు. ఇక బంక సంగతి: ఆఱవ శతాబ్దమున వరాహమిహిరుడు బృహత్సంహితలో వజ్రలేపమునకై ఒక యధ్యాయమునే వ్రాసెను. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు మొదలగువానిని నీటిలో కాచి యెనిమిదవ వంతునకు దింపి, గుగ్గిలము, అవిసె, మారేడు మున్నగునవి చేర్చి, దేవాలయములకును ప్రతిమలకును పూయుమనెను. కావున నారయు బంకయు మనకు క్రొత్తవి కావు. ఆ నార యేది, ఆ బంక యేది యన్నది మాత్రమే క్రొత్త.

పందెపు బండికి తొడుగు ఎందులకు? అందమునకు కాదు, గాలికి. గాలివానలో అనంతగిరి ఘాటురోడ్డున గొడుగు పట్టుకొని నడచినవారికి గాలి బలము వేఱుగ చెప్పనక్కఱలేదు. వేగము రెట్టింపైనచో గాలి యడ్డగింపు నాలుగు రెట్లగును. ఆ గాలిని త్రోసికొనిపోవుటకు ఇంజనుకు ఎనిమిది రెట్ల శక్తి కావలెను. ఇటలీ దేశమున మోటో గుజ్జి సంస్థవారు 1950 ప్రాంతమున మండెల్లో దెల్ లారియో యను నూర తమ కర్మాగారమున గాలిసొరంగమును కట్టి, బండిని తోలువానితోకూడ అందులో నిలిపి పరీక్షించిరి. ఆనాటి తొడుగులు చేతితో సాగగొట్టిన తేలికలోహపు రేకులు. ముందుచక్రమును సయితము మూసివేయు ఆ బోలు తొడుగులను జనులు చెత్తడబ్బాలని పరిహసించెడివారు. ప్రక్కగాలి తగిలినచో బండి బాట తప్పుచుండుటచే 1958 నుండి అంతర్జాతీయ పందెములలో వానిని నిషేధించిరి.

ఇప్పుడు మూడు నారలు వాడుకలో నున్నవి.

మొదటిది గాజునార. మన జనులు ఫైబరనునది దీనినే. కరగిన గాజును వెండ్రుకకంటె సన్నని పోగులుగా తీయుదురు. 1930 దశకమున అమెరికాలో ఇది వర్తకమునకు వచ్చెను. 1953లో షెవ్రొలే కార్వెట్ అను కారునకు శరీరమంతయు దీనితోనే చేసిరి. మన తీరపు తెప్పలు, నీళ్ళతొట్లు దీని సంతానమే. రెండవది బొగ్గునార, కార్బన్ ఫైబరు. 1960 దశకమున జపానులో అకియో షిండో, ఇంగ్లండున ఫార్న్‌బరోలోని విమాన పరిశోధనాలయమున విలియం వాట్ మొదలగువారు దీనిని వృద్ధిచేసిరి. 1981లో మెక్లారెన్ వారు ఫార్ములా వన్ కారునకు మూలశరీరమునే దీనితో చేసి పందెములోనికి దింపిరి. మూడవది కెవ్లారు, 1965లో డ్యూపాంట్ సంస్థలో స్టెఫనీ క్వోలెక్ అను విదుషీమణి కనుగొన్నది. తుపాకిగుండును ఆపు కవచములు దీనితో నేయబడును.

బరువు లెక్క వినుడు. నీటితో పోల్చినచో ఉక్కు 7.8 రెట్లు, అల్యూమినియము 2.7 రెట్లు, గాజునార సుమారు 2.5 రెట్లు, బొగ్గునార 1.8 రెట్లు, కెవ్లారు 1.44 రెట్లు బరువు. వంగక నిలుచు గుణమున ఉక్కును నూఱనుకొన్నచో గాజునార 35 ప్రాంతము, సామాన్యపు బొగ్గునార 110కి పైన. అయితే ఇవి ఉత్త నార లెక్కలు. బంకలో ముంచి నాలుగు దిక్కులకు పఱచిన పిమ్మట చాల తగ్గును. వర్తకులు ఉత్త నార లెక్కను చూపి బేరము చేయుదురు. అది వినునపుడు ఈ సంగతి మఱువరాదు.

బొగ్గునారయే మేలు గదా యని మీరనవచ్చును. న్యూజిలాండు దేశమున క్రైస్ట్‌చర్చ్ నగరమున జాన్ బ్రిటన్ అను నాతడు కొలదిమంది మిత్రుల సాయముతో బ్రిటన్ వి1000 అను పందెపు బండిని తానే కల్పించెను. తీగెలను వంచి, జిగురుతో నతికి, వలవంటి ఆకృతి కట్టుకొని తొడుగు రూపమును కంటితో తీర్చెను. తొడుగునకు బొగ్గునారయు కెవ్లారును వాడెను. చక్రములను కూడ బొగ్గునారతో చేసెను. 1991లో అమెరికాలోని డేటోనా పందెమున ఆ బండి పెద్ద కర్మాగారముల బండ్ల నడుమ రెండవదిగా వచ్చెను. 1995లో నలువదియైదేండ్ల వయసున ఆయన మరణించెను. ఆ బండ్లు చేయబడినవి మొత్తము పది. పెద్ద కర్మాగారము లేనివాడు చేతిపనితో ఇంత చేయగలడని ఆ కాఫీ రైతునకు నేను చెప్పితిని, ఆయన తల యూచెను గాని, "ఆయనకు పది బండ్లు, మావానికి పది మంది బేరగాండ్రు. వారు వారమువారము పడుదురు మాస్టారూ!" అనెను. ఆయన పట్టినదే అసలు సంగతి.

బొగ్గునార పెంకు వంగదు. దెబ్బ ఓర్వగలిగినంతవఱకు చెక్కుచెదరదు, ఓర్వలేనినాడు ఒక్కమాఱుగ విఱుగును. విఱిగిన చోట అంచులు సూదులవలె నుండును. గాజునార పెంకు కొంత వంగును. బెజ్జము పడకముందే తెల్లగా చారలు చూపి తన బాధను తెలుపును. దానిని లోపలినుండి మరల గుడ్డ వేసి ఒక్కపూటలో అతుకవచ్చును. కెవ్లారు చినుగదు, ముక్కలను విడనాడదు. కాని నొక్కుడునకు బలహీనము, తేమను పీల్చును, ఎండకు చివుకును. దానిని కోయుటకు పూనినచో మామూలు కత్తెర ఓడిపోవును. అంచు దూదివలె రేగును. ధరలో బొగ్గునార గుడ్డ గాజునార గుడ్డకు పలురెట్లు.

బరువు తగ్గింపుటలోను ఒక మెలిక యున్నది. మోటోజీపీ పందెమున బండి బరువు ఇంతకు తగ్గరాదను నియమము కలదు. 2016లో దానిని 157 కిలోగ్రాములుగ నిర్ణయించిరి. ఆ మేర చేరిన బండికి తొడుగు ఇంకను తేలికయైనచో ఆ మిగులును బండి క్రిందిభాగమున సీసముగ పెట్టుకొనవచ్చును. బరువు క్రిందికి దిగిన బండి మలుపున సులభముగ లొంగును. అట్టివారికి బొగ్గునార సార్థకము. కొండకుఱ్ఱవాండ్రు తోలు చిన్న పందెపు బండికి అంత సూక్ష్మము అక్కఱలేదు. నా యభిప్రాయమున, అల్లిన గాజునార గుడ్డయే దానికి తగినది. బిగింపు బెజ్జముల చుట్టు రెండు పొరలు హెచ్చుగ వేయవలెను. ఏలన చెవితమ్మె పోగు బెజ్జమునుండియే తెగునట్లు తొడుగు కూడ బెజ్జమునుండియే చీలును. అచ్చట రబ్బరు బిళ్ళయు ఉండవలెను. పడినప్పుడు మోకాళ్ళకు, పొట్టకు ఎదురగు భాగముల లోపలివైపున ఒక పొర కెవ్లారు. పెంకు పగిలినను ఆ పొర ముక్కలను పట్టుకొని యుండును. తండ్రి రెండవ ప్రశ్నకు ఇదియే నా యుత్తరము.

మఱియొక మాట. గుడ్డలో రెండు విధములు. ఒకటి నేసినది, రెండవది తరిగిన పోగులను చాపవలె నతికినది, మ్యాట్ అందురు. మ్యాట్ చవుక, కాని అది బంకను విపరీతముగ త్రాగును. చేతితో పఱచిన మ్యాట్ పెంకులో మూడువంతులలో రెండువంతులు బంకయే. బంక యెక్కువైన పెంకు బరువునకే గాని బలమునకు కాదు. తెప్పలకు అది చెల్లును. సముద్రము బరువును మోయును. పందెపు బండి మోయదు. తెప్పల శాలలో నేర్చిన చేయి మార్చుకొనవలసినది ఇచ్చటనే.

సంయుక్త ద్రవ్యమున బరువు తగ్గింపుట పందెపు వారికి మాత్రమే అక్కఱ యనుకొనకుడు. 1989లో అగ్ని క్షిపణి తొలిసారి లేచినప్పుడు వేడినోర్చు దాని ముక్కుభాగము బొగ్గునార కూర్పే. దానికి పాటుపడిన అబ్దుల్ కలాముగారు హైదరాబాదులోని రక్షణ పరిశోధనాలయమున నున్నప్పుడు, నిజాము వైద్యవిజ్ఞాన సంస్థ నుండి ఒక యెముకల వైద్యుడు వచ్చి అచ్చటి ద్రవ్యమును చేత పట్టి, దాని తేలికతనమునకు ఆశ్చర్యపడి, తన ఆసుపత్రికి తోడ్కొనిపోయెనట. పోలియో సోకిన పిల్లలు మూడు కిలోగ్రాముల లోహపు పట్టీలను కాళ్ళకు కట్టుకొని ఈడ్చుకొనుచుండిరి. మూడు వారములలో మూడువందల గ్రాముల పట్టీలు చేసియిచ్చిరి. పిల్లలు పరుగెత్తిరి, తల్లిదండ్రుల కన్నులు చెమర్చెను. తన జీవితమున మిక్కిలి సంతోషము కలిగించినవానిలో ఇది యొకటి యని కలాముగారు పలుమాఱు చెప్పుచుండెడివారు. ఈ కథ విన్నంతనే కాఫీ రైతు ముఖమున మొదటిసారి నమ్మకము కనబడినది. బండి పందెముపై ఆయనకు గౌరవము లేదు. నడవలేని పిల్లపై కలదు.

ఇక బంక. చవుక పనికి పాలిస్టరు రెజిను, మేలైన పనికి ఎపాక్సీ. ఈ రెంటికిని మన కొండ వాతావరణముతో పగ. పాలిస్టరు రెజినులో గట్టిపఱచు ద్రవము నూటికి ఒకటి రెండు పాళ్ళు కలుపుదురు. పదునైదు డిగ్రీలకు తక్కువ చలిలో అది సరిగ కుదురుకొనదు. విశాఖ తీరమున ఆ బాధ లేదు. పుష్య మాసమున అరకులో తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగుట వింత కాదు. లంబసింగిలో సున్న దరికి దిగిన దినములును కలవు. మన కుఱ్ఱవాడు తొలి శీతకాలమున పట్టణపు కొలతలతోనే కలిపెను. రెండు దినములైనను పెంకు వ్రేళ్ళకు అంటుకొనుచునే యుండెను. గట్టిపఱచు ద్రవము ఇంకొంచెము పోసెదననెను. అది తప్పు; హద్దు మీఱి పోసినచో పెంకు పెళుసగును. గదినే వెచ్చజేయవలెను, నిప్పు దూరముగ నుండునట్లు. వర్షకాలమున ఎపాక్సీకి వేఱొక రోగము: గాలి తేమకు పైపొర జిడ్డు పట్టి, దానిపై వేసిన తరువాతి పొర అంటదు. సబ్బునీటితో కడిగి, ఆఱబెట్టి, గరుకు కాగితముతో రుద్ది మఱి వేయవలెను. గుడ్డను వానకాలమున నేలపై నుంచరాదు.

ఈ పనిలో ప్రాణాపాయములున్నవి. పెద్దలు వినవలసినది ఈ భాగము. పాలిస్టరు రెజినును గట్టిపఱచు ద్రవము ఒక్క చుక్క కంటిలో పడినచో చూపే పోవచ్చును. కండ్లద్దములు లేనివానిని ఆ సీసా ముట్టనీయరాదు. దానిని త్వరపెట్టు ద్రవము మఱియొకటి కలదు, కోబాల్టుది. ఈ రెంటిని నేరుగ ఒకదానితో నొకటి కలిపినచో ప్రేలును. ఒకటి రెజినులో పూర్తిగ కలిసిన పిమ్మటనే రెండవది. కలిపిన బంకను లోతైన డబ్బాలో మిగిల్చినచో తనలో తాను వేడెక్కి పొగలు గ్రక్కును. పూరికప్పు క్రింద ఇది ఎంతటి ప్రమాదమో చెప్పనక్కఱలేదు. పెంకును రాచునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు, చర్మమునకు శత్రువు. నోటికి తువ్వాలు చాలదు, దానికని చేసిన ముసుగు కావలెను. తునకలను గెడ్డలో పాఱవేయరాదు. గాజునార మట్టిలో క్రుళ్ళదు. ఈ మాటలన్నియు ఒక కాగితముపై పెద్ద యక్షరములతో వ్రాసి శాల తలుపునకు అంటింపుమంటిని. పెట్టుబడికి తండ్రి పెట్టిన షరతు ఇదియే: మొదట ముసుగులు, కండ్లద్దములు కొని చూపవలెను, పిమ్మటనే గుడ్డకు పైకము.

పని ముగిసిన తొడుగును పరీక్షించు విధమును సూక్ష్మముగ చెప్పెదను. అంచులన్నియు గుండ్రముగ రాచబడియుండవలెనని పందెపు నియమము. ఇంజను పగిలినచో నూనె బాటమీద కాఱి వెనుక వచ్చువానిని పడవేయకుండ, తొడుగు అడుగుభాగము పళ్ళెమువలె ఇంజనులోని నూనె, చల్లార్చు నీరు కలిపి కనీసము సగమును పట్టవలెనని నియమము. బండికి బిగించి కొలిచిన నీరు పోసి ఒక గడియ వదలుడు. చెమ్మ కనబడినచో పొర పలుచనయన్నమాట. పొరల నడుమ గాలి నిలిచినదేమో తెలియుటకు నాణెముతో తట్టి వినవలెను. మంచి చోట కంగున మ్రోగును, బోలు చోట దద్దఱిల్లును. కుండలు కొనునప్పుడు మన ఆడువారు చేయునదే.

నా శిష్యుడు నన్నడిగిన ప్రశ్న మఱొకటి కలదు: మన ప్రాంతపు నారలు పనికిరావా? శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల గోగునార కలదు. కొండలలో అడ్డతీగ నార కలదు. గదబ స్త్రీలు పూర్వము కెరంగు నారతో తమ చీరలు తామే నేసికొనెడివారు. ఈ యూహ వట్టిది కాదు. స్విట్జర్లాండులో బీకాంప్ అను సంస్థ అవిసె నారతో గుడ్డ నేసి పందెపు వారికి అమ్ముచున్నది. ఇది పూలకూర వండుకొను అవిసెచెట్టు కాదు, నూనెగింజల అవిసె. వరాహమిహిరుని లేపములోనిదియు ఇదియే. 2019లో పోర్షే వారు తమ కేమన్ పందెపు కారునకు తలుపులు, వెనుక రెక్క జనుపజాతి నార, అవిసె నారలతో చేసిరి. 2020లో మెక్లారెన్ వారు ఫార్ములా వన్ కారున కూర్చుండు పీఠమును అవిసె నారతో చేసిరి. అట్టి నార అదురును మ్రింగును, విఱిగినచో సూదులు లేవవు, బరువు గాజునారకంటె తక్కువ. దోషము నీరు. నారలో తేమ యున్నచో బంక పట్టదు. పట్టిన పిమ్మట కోసిన అంచునుండి నీరు లోనికి ప్రాకి ఉబ్బజేయును. కావున గోగునారను ఎండలో కాక వెచ్చని పెట్టెలో బాగుగ ఆఱబెట్టి, వెంటనే బంకలో ముంచి, కోసిన ప్రతి అంచునకు మరల బంక పూయవలెను. మొదట తొడుగునంతటిని దానితో చేయబూనక, పీఠము క్రింది పలకవంటి చిన్న భాగము చేసి, ఒక వర్షకాలము బండికి బిగించి తిప్పి, ఆషాఢమునకు ముందొకమాఱు, కార్తికమున మఱొకమాఱు తూచి చూడుమని చెప్పితిని. రెండు తూకముల నడుమ భేదమెంతయో అంతయు అది త్రాగిన నీరు.